పగిలిన మడమలకు యూరియా క్రీమ్: పీహెచ్ నిలబెట్టడమే అసలు పని

అంబాజీపేట దగ్గర మా ఇంటి వంటగదిలో నడుస్తున్న పని ఇది. ఊడ్పులకీ కలుపులకీ వెళ్లే ఆడవాళ్ల మడమలు ఎండి, గట్టిపడి, గీతలు గీతలుగా పగులుతాయి. వాటిని మెత్తబరిచే క్రీమ్ కావాలి. పెట్టుకున్న షరతులు: అందులో 10% యూరియా ఉండాలి, ఎండాకాలం వేడికి నూనె, నీళ్లు విడిపోకూడదు, రెండు నెలల దాకా బూజు రాకూడదు, పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే అంకె, 7 కింద ఆమ్లం, పైన క్షారం) 5కీ 6కీ మధ్య నిలవాలి. ఈ చివరిది తప్పినప్పుడల్లా మిగతావీ దాని వెంటే పోయాయి. ఇదే పని మొదలుపెట్టేవాళ్లకి టైమ్ లేకపోతే మూడో దశ ఒక్కటి చదివినా చాలు.

మొదటి దశ: నూనె, మైనం

కొబ్బరినూనె 80 గ్రా., తేనెమైనం 20 గ్రా. కలిపి కరిగించి డబ్బాలో పోశాను. ఏప్రిల్లో రేకుల గదిలో 38 డిగ్రీలున్నప్పుడు పైన నూనె తేలింది. మైనం 28 గ్రాములకి పెంచితే తేలడం ఆగింది గానీ, మడమ మీద లాగితే పట్టేస్తోంది.

ఈ నూనె-మైనం బామ్‌ని వదిలేసింది అందుకు కాదు. నూనె, మైనం, వ్యాజిలిన్ చర్మంలోని నీటిని బయటికి పోనివ్వవు. ఆ పనిలో వ్యాజిలిన్‌కి సాటి లేదు. కానీ మడమ చుట్టూ కట్టిన మందపాటి తోలులో ఆపడానికి నీళ్లే లేవు. దానికి నీళ్లు అందాలి, ఆ నీటిని పట్టి ఉంచేది కావాలి. గ్లిజరిన్, యూరియా చేసేది అదే. యూరియా 10% దాటేకొద్దీ గట్టి తోలుని వదులు చేసే గుణం కూడా పెరుగుతుంది.

బామ్‌కి ఒక పెద్ద లాభం ఉంది. నీళ్లు లేవు కాబట్టి తడి చెయ్యి పెట్టకుండా చూసుకుంటే ప్రిజర్వేటివ్ (బూజు, బ్యాక్టీరియా రాకుండా వేసే మందు) అక్కర్లేదు. పీహెచ్ గొడవే లేదు. పగుళ్లు కొద్దిగానే ఉన్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు.

నూనె గురించి ఒక మాట. గానుగ నుంచి తెచ్చిన రోజే వాడకండి. రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి కిందికి దిగుతుంది. పైతేట గుడ్డలో వడకట్టాలి. మడ్డితో వాడిన డబ్బా ముందుగా కనరు వాసన కొట్టింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది కాబట్టి డిసెంబరు పొద్దున్నా మే మధ్యాహ్నమూ ఒకేలా ఉండే బామ్ దీంతో రాదు.

ఇప్పటిదాకా: 0.01 గ్రా. చూపే చిన్న తూకం రూ. 650, మైనం రూ. 180. మొత్తం రూ. 830. నూనె ఇంటిదే.

రెండో దశ: నీళ్లూ నూనే కలపడం

కలిపి ఉంచడానికి ఎమల్సిఫైయింగ్ వాక్స్ తీసుకున్నాను. సీటోస్టియరైల్ ఆల్కహాల్, పాలిసార్బేట్ 60 కలిసిన రకం. తేనెమైనం ఒక్కదానితో నూనెలో నీళ్లు కలిసి నిలవవు. "వాక్స్" అన్న పేరు చూసి ఎమల్సిఫైయింగ్ వాక్స్ బదులు తేనెమైనం వేస్తే పని జరగదు.

మా బోరు నీళ్లు టీడీఎస్ పెన్నులో (నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచేది) 1,100 చూపించాయి. కాచినా ఉప్పులన్నీ పోవు, సూక్ష్మజీవులే పోతాయి. పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ వాటర్‌లో ఉప్పులు ఉండవు గానీ, అది ఒంటికి రాసుకునేదాని కోసం నింపింది కాదు. ల్యాబులకి సరఫరా చేసే దుకాణంలో 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ కొన్నాను.

యూరియా కొంటున్నానని తెలిసి పక్కింటి రైతు అన్నారు: "ఆయ్! కొనడం ఎందుకండీ, మా పాకలో రెండు కట్టలున్నాయి. ఇదీ యూరియానే కదండీ?" పేరు ఒకటే అయినా సరుకు వేరు. 2015 నుంచి మన దేశంలో పొలానికి వేసే యూరియాకి దాదాపు అంతటికీ వేపనూనె పూత పెడుతున్నారు. గుళికలు గట్టిగా ఉండటానికి కలిపేవీ, తయారీలో మిగిలే బైయురెట్ కూడా అందులో ఉంటాయి. పైరుకి ఫరవాలేదు, పగిలి నెత్తురొస్తున్న మడమకి కుదరదు. కాస్మెటిక్ గ్రేడ్ అర కిలో రూ. 260. 200 గ్రా. బ్యాచ్‌కి పట్టేది 20 గ్రాములే, అంటే పది రూపాయల చిల్లర. ఇక్కడ ఆదా చేయాల్సింది ఏమీ లేదు.

బ్యాచ్ అ: నూనె గిన్నె 75 డిగ్రీలు, నీళ్ల గిన్నె 58. తెల్లగా కలిసినట్టే కనబడింది. మర్నాటికి అడుగున అంగుళం నీళ్లు. రెండు గిన్నెల వేడి ఒకటి కాకపోవడమే కారణం అనుకున్నాను. తర్వాత నుంచి రెండు గిన్నెలనీ ఒకే నీళ్ల తొట్టిలో పెట్టి, రెండూ 72 దాటాకే కలుపుతున్నాను.

ఇదే బ్యాచ్‌లో ఇంకో సంగతి తేలింది. వేడి చేస్తున్నప్పుడు నీళ్ల గిన్నె తూకం 12 గ్రా. తగ్గింది. 200 గ్రాముల్లో 12 అంటే 6%. ఆ లెక్క వదిలేస్తే మిగతా సరుకుల పాళ్లన్నీ మారిపోతాయి. గిన్నెని ముందూ తర్వాతా తూచి, ఎంత ఆవిరైతే అంత కాచిన డిస్టిల్డ్ వాటర్ మళ్లీ పోయాలి.

బ్యాచ్ ఆ: విడిపోలేదు, కానీ రవ్వలా తగిలింది. యూరియాని ఎక్కువ వేడి చేస్తే విరిగిపోతుందని, కొంచెం నీళ్లు పక్కన ఉంచుకుని అందులో కరిగించి చివర్లో కలిపాను. యూరియా నీళ్లలో కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చేసుకుంటుంది. 20 గ్రాములు 30 గ్రా. నీళ్లలో వేసి తిప్పుతుంటే థర్మామీటరు 31 నుంచి 13కి దిగింది. బీకరు చేతికి ఐసులా తగిలింది. మన గాలిలో తేమకి దాని బయటి గోడ అంతా చెమట పట్టి చుక్కలు కారాయి. ఆ చల్లటి ద్రావణం 45 డిగ్రీల క్రీమ్‌లో పడ్డచోట సీటైల్ ఆల్కహాల్ (చిక్కదనానికి వేసే మైనం లాంటి సరుకు) గింజకట్టింది. బీకరు ఒంచినప్పుడు బయట పట్టిన ఆ చెమట చుక్కలు కూడా క్రీమ్‌లోకే జారాయి. గాలిలోంచి వచ్చిన నీళ్లు క్రీమ్‌లో పడకూడదు.

మార్చినవి: యూరియాని అన్నిటికన్నా ముందు కరిగించి మూతపెట్టి ఉంచడం, వాడేముందు గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెట్టి 38 డిగ్రీలకి తేవడం, బీకరు బయట తుడిచి పొయ్యడం. రవ్వ పోయింది.

ఇప్పటిదాకా: వాక్స్ 220, సీటైల్ ఆల్కహాల్ 90, గ్లిజరిన్ 130, యూరియా 260, నీళ్లు 150, సోడియం బెంజోయేట్ 80, కార్బోమర్ (క్రీమ్ చిక్కబడటానికి వేసే పొడి) 190, లాక్టిక్ ఆమ్లం 110. ఈ దశ రూ. 1,230, మొత్తం రూ. 2,060. పారబోసింది 400 గ్రా.

మూడో దశ: పీహెచ్ జారిపోవడం

బ్యాచ్ ఇ చూడ్డానికి చక్కగా వచ్చింది. లాక్టిక్ ఆమ్లం చుక్కలు వేసి పీహెచ్ 5.2కి తెచ్చాను. బూజు రాకుండా సోడియం బెంజోయేట్ 0.5%. మే నెల గదిలో ఉంచి కొలిస్తే:

చేసిన రోజు: 5.2
వారానికి: 6.7
రెండు వారాలకి: 7.3
నాలుగు వారాలకి: 7.8, మూత తీస్తే అమోనియా వాసన

యూరియా నీళ్లలో నెమ్మదిగా విరుగుతూ ఉంటుంది. విరిగినప్పుడు అమోనియా వస్తుంది, అది పీహెచ్‌ని పైకి తోస్తుంది. వేడి పెరిగితే ఈ విరగడం వేగం అందుకుంటుంది. కొలతలు మళ్లీ చూడండి. వాసన వచ్చేటప్పటికి పీహెచ్ చేయి దాటి వారాలైంది. ముక్కు మీద ఆధారపడితే ఆలస్యంగానే తెలుస్తుంది.

బూజు కూడా ఇక్కడి నుంచే వచ్చింది. సోడియం బెంజోయేట్‌లో బూజుని ఆపేది బెంజోయిక్ ఆమ్లం రూపం. పీహెచ్ 5.2 దగ్గర దాంట్లో 9 శాతం దాకా ఆ రూపంలో ఉంటుంది. 7.2కి వచ్చేసరికి 0.1 శాతమే మిగులుతుంది. వేసిన మందు డబ్బాలోనే ఉంది, పని మాత్రం వందో వంతుకి పడిపోయింది. మొదటి మచ్చలు క్రీమ్ మీద రాలేదు. మూత లోపలి అంచున, సూదిమొనంత నల్లచుక్కలు వరసగా వచ్చాయి. క్రీమ్ వేడిగా ఉండగా మూత బిగించడంతో ఆవిరి అక్కడ నీటిబొట్లుగా కట్టింది. ఆ బొట్లలో ప్రిజర్వేటివ్ దాదాపు లేనట్టే. ఇప్పుడు 35 డిగ్రీల కిందికి దిగేదాకా కాచి ఆరబెట్టిన గుడ్డ కప్పి ఉంచి, తర్వాతే డబ్బాలకి ఎత్తుతున్నాను.

విటమిన్ ఇ వేస్తే సరిపోతుందని చాలామంది చెబుతారు. అది నూనె కనరెక్కడాన్ని ఆలస్యం చేస్తుంది, బూజునీ బ్యాక్టీరియానీ ఆపదు. నీళ్లున్న క్రీమ్‌కి అసలైన ప్రిజర్వేటివ్ పడాల్సిందే. తాజా కలబంద గుజ్జు, కొబ్బరిపాలు వేయమనే సలహాలూ వచ్చాయి. అవి సూక్ష్మజీవులకి మేత. వాటిని ఏ బ్యాచ్‌లోనూ రానివ్వలేదు.

కొలిచే పనిముట్టు సంగతి. రొయ్యల చెరువుకి వాడే చుక్కల కిట్టు బాబాయి ఇచ్చాడు. "చూడమ్మా, చెరువులో ఏడున్నర కింద మేం చూడనే చూడం" అన్నాడు. ఆ కిట్టు రంగుల పట్టీ 7 దగ్గరే మొదలైంది. మనకి కావాల్సిందంతా దానికి కింద ఉంది. పీహెచ్ పెన్ను, దాన్ని సరిచేసుకోవడానికి పీహెచ్ 4.01, 7.00 ఉన్న బఫర్ ద్రావణాలు కొన్నాను. కొలిచే తీరు:

1. ముందు 7.00లో, తర్వాత 4.01లో పెన్ను సరిచేయాలి. ఇది కొలిచిన ప్రతిసారీ.
2. క్రీమ్ 5 గ్రా., డిస్టిల్డ్ వాటర్ 45 గ్రా. బాగా గిలకొట్టాలి.
3. అంకె కదలకుండా నిలిచాకే రాసుకోవాలి. నూనె వల్ల ఆలస్యమవుతుంది.
4. కొనని గిన్నెల సబ్బునీళ్లతో కడిగి, డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి, నిల్వ ద్రావణం పోసిన మూత పెట్టాలి. కొన ఎండిపోతే పెన్ను పాడైనట్టే.

ఇక క్రీమ్‌లో వేసే బఫర్. ఊరికే ఆమ్లం వేసి పీహెచ్ దించడం వేరు, అక్కడ నిలబెట్టడం వేరు. ఆమ్లమూ దాని లవణమూ రెండూ ఉంటేనే వచ్చే అమోనియాని మింగి పీహెచ్ కదలకుండా చూస్తాయి.

బ్యాచ్ ఈ: సోడియం లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం లవణం) 2%, లాక్టిక్ ఆమ్లంతో 5.0కి తెచ్చింది. నాలుగు వారాలకి 6.6. కొంత మెరుగే, చాల్లేదు. లాక్టిక్ ఆమ్లం, దాని లవణం జంట బలం పీహెచ్ 3.86 చుట్టూ ఉంటుంది. మనకి కావాల్సిన 5.5 దగ్గరికొచ్చేసరికి నీరసపడుతుంది.

బ్యాచ్ ఉ: సిట్రిక్ ఆమ్లం జంటకి అలాంటి బలం పీహెచ్ 4.76 దగ్గర ఒకసారి, 6.4 దగ్గర ఇంకోసారి ఉంటుంది. 5.5 సరిగ్గా రెంటి మధ్యన పడుతుంది. ట్రైసోడియం సిట్రేట్ 1.5%, సిట్రిక్ ఆమ్లం 0.5%. కలిపిన నిమిషానికే క్రీమ్ చిక్కదనమంతా పోయి మజ్జిగలా జారిపోయింది. కార్బోమర్‌కి లవణం పడదు. అది ఉబ్బి చిక్కదనం ఇచ్చే తీరే లవణం తగిలితే కూలిపోతుంది. దాన్ని పూర్తిగా తీసేసి శాంతన్ గమ్ 0.3% పెట్టాను. శాంతన్‌ని నేరుగా నీళ్లలో చల్లితే చేపకళ్లలా ఉండకడుతుంది. ముందు గ్లిజరిన్‌లో పేస్టులా కలిపి, ఆ పేస్టుని నీళ్లలో వేయాలి.

బ్యాచ్ ఊ (సిట్రేట్, శాంతన్), ఒకే రోజు చేసి రెండు చోట్ల ఉంచింది:

గదిలో: మొదట 5.3, వారానికి 5.4, నాలుగు వారాలకి 5.7
40 డిగ్రీల పెట్టెలో: మొదట 5.3, వారానికి 5.6, నాలుగు వారాలకి 6.4

ఎండాకాలం వేడికి క్రీమ్ ఎలా ఉంటుందో చూడటానికి పెట్టుకున్న ఆ పెట్టె చేపలు పంపే థర్మోకోల్ పెట్టే. అందులో ఒక బల్బు, గుడ్లు పొదిగించే మిషన్లకి పెట్టే థర్మోస్టాట్ బిగించాను. బల్బు వెలుతురు డబ్బాల మీద పడకుండా అట్టముక్క అడ్డం పెట్టాలి.

ఇప్పటిదాకా: పీహెచ్ పెన్ను 900, బఫర్లు 160, సోడియం లాక్టేట్ 120, సిట్రేట్లు 140, శాంతన్ 120, పెట్టె సామాను 380. ఈ దశ రూ. 1,820, మొత్తం రూ. 3,880. పారబోసింది 1,000 గ్రా.

నాలుగో దశ: ప్రిజర్వేటివ్ మార్పు, వాడకం

సిట్రేట్ బఫర్ ఉన్నా పీహెచ్ కొద్దికొద్దిగా పైకే పోతుంది. కాబట్టి పీహెచ్ మీద అంతగా ఆధారపడని ప్రిజర్వేటివ్ కావాలి. బ్యాచ్ ఊలో బెంజోయేట్ బదులు ఫెనాక్సీఇథనాల్, ఇథైల్‌హెక్సైల్‌గ్లిజరిన్ కలిసిన ద్రవం 1% వేశాను. అందులో 90 శాతం ఫెనాక్సీఇథనాల్ అంటే క్రీమ్‌లో 0.9%, అనుమతించిన గరిష్ఠం 1% లోపే. ఇక్కడే 0.01 గ్రా. తూకం అవసరం తెలుస్తుంది. వంటింటి తూకం 1 గ్రాము కింద చూపదు. 2 గ్రాముల చోట ఒకటే పడొచ్చు, మూడూ పడొచ్చు. ఒకటి పడితే బూజు, మూడు పడితే మంట.

ఇప్పుడు నిలిచిన పాళ్లు, 100 గ్రాములకి:

డిస్టిల్డ్ వాటర్ 59.7
యూరియా 10
గ్లిజరిన్ 5
ట్రైసోడియం సిట్రేట్ 1.5
సిట్రిక్ ఆమ్లం 0.5
శాంతన్ గమ్ 0.3
కొబ్బరినూనె 8
ఎమల్సిఫైయింగ్ వాక్స్ 6
వ్యాజిలిన్ 5
సీటైల్ ఆల్కహాల్ 3
ప్రిజర్వేటివ్ 1

చేసే వరస:

1. మొత్తం నీళ్లలో 15 గ్రా. తీసి యూరియా కరిగించి మూతపెట్టాలి.
2. మిగతా నీళ్లలో సిట్రేట్, సిట్రిక్ ఆమ్లం, గ్లిజరిన్-శాంతన్ పేస్టు కలిపి తూచాలి.
3. నూనె, వాక్స్, వ్యాజిలిన్, సీటైల్ ఆల్కహాల్ వేరే గిన్నెలో.
4. రెండు గిన్నెలూ ఒకే తొట్టిలో 72 డిగ్రీలు దాటేదాకా. నీళ్ల గిన్నె మళ్లీ తూచి, తగ్గింది పొయ్యాలి.
5. నీళ్లలోకి నూనె పోస్తూ హ్యాండ్ బ్లెండర్ రెండు నిమిషాలు. తల ఎప్పుడూ మునిగే ఉండాలి, లేకపోతే గాలి చేరి నురగ కడుతుంది.
6. చెంచాతో తిప్పుతూ 42కి దించాలి. 38 డిగ్రీల యూరియా ద్రావణం సన్నధారగా పొయ్యాలి.
7. 40 కింద ప్రిజర్వేటివ్. పీహెచ్ కొలవాలి. 35 కింద డబ్బాలకి.

మోచేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూశాకే ఎవరికైనా ఇచ్చాను. సార్వా ఊడ్పుల రోజుల్లో మా వీధిలో పొలానికి వెళ్లేవాళ్లకి 30 గ్రా. డబ్బాలు ఇచ్చాను. రాత్రి కాళ్లు కడుక్కుని, తడి పూర్తిగా ఆరకముందే రాసుకోమన్నాను. మా అత్తయ్య పదిరోజులయ్యాక మడమ చూపించి, "గోరు పెట్టి గీకితే తెల్లపొడి రాలట్లేదే, దుప్పటికి కూడా పట్టుకోవట్లేదు" అంది. లోతైన గీత మాత్రం అలాగే ఉంది. చుట్టూ తోలు మెత్తబడింది, గీత అంచులు గరుగ్గా తగలడం లేదు. అంతవరకే దీని పని.

ఇద్దరు మండిందన్నారు. ఇద్దరికీ నెత్తురు చెమ్మ ఉన్న పగుళ్లు. తెరిచి ఉన్న పుండు మీద యూరియా మండుతుంది. వాళ్లకి మానేదాకా వ్యాజిలిన్ ఒక్కటే రాసుకోమన్నాను. బురదలో నాని వేళ్ల సందులు ఒలిచిపోయినవాళ్లకి ఈ క్రీమ్ ఇవ్వలేదు. అక్కడ కావాల్సింది పొడిగా ఉండటం, తరచూ ఫంగస్‌కి మందు. షుగర్ ఉన్నవాళ్ల కాలికి పగులు వస్తే ఇంటి క్రీముల జోలికి పోకుండా డాక్టరుకి చూపించాలి. స్పర్శ తగ్గిన కాలికి పుండు లోతు తెలియదు. రాసుకున్న వెంటనే గచ్చు మీద నడవొద్దని కూడా చెప్పండి. అరికాలు జారుతుంది.

తిరిగొచ్చిన డబ్బాలు ఒక్కొక్కటీ తెరిచి చూశాను. బూజు లేదు. కానీ ఒకదాంట్లో మట్టిరేణువులు, ఇంకోదాంట్లో పసుపు మరక. వేళ్లు పెట్టే వెడల్పు డబ్బా ఈ పనికి తగదు. తర్వాతి బ్యాచ్ నొక్కే ట్యూబుల్లో.

అమ్మకానికి చేసిపెట్టమని అడుగుతున్నారు. మన దేశంలో కాస్మెటిక్ తయారుచేసి అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం లైసెన్సు ఉండాలి. వంటగదికి అది రాదు. ఇంటి వాడకానికే చేస్తున్నాను, పాళ్లు అడిగినవాళ్లకి రాసిస్తున్నాను.

ఇప్పటిదాకా: ప్రిజర్వేటివ్ 320, డబ్బాలు 240. మొత్తం రూ. 4,440. పారబోసింది 1,000 గ్రాములే, ఈ దశలో కొత్తగా ఏమీ పోలేదు.

మిగిలి ఉన్నది: వేసవి

బ్యాచ్ ఊ గది కొలతలు వానాకాలానివి. ఎనిమిది వారాలకి 5.9 చూపింది, రెండు నెలల షరతు నెగ్గింది. 40 డిగ్రీల పెట్టెలో నాలుగు వారాలకే 6 దాటింది కాబట్టి, మే నెలలో చేసింది నెల లోపు వాడేయాలి, లేదా ఫ్రిజ్ తలుపులో పెట్టాలి. డబ్బా మీద చేసిన తేదీతో పాటు ఈ గడువూ రాస్తున్నాను.

సిట్రేట్ పాళ్లు ఇంకా పెంచితే లవణం ఎక్కువై పగుళ్లు మండొచ్చు. అందుకని ట్రయాసెటిన్ 1% తెప్పించాను. అది నీళ్లలో నెమ్మదిగా విడిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. యూరియా నుంచి అమోనియా వచ్చేకొద్దీ దాన్ని అణచడానికి ఆమ్లం కూడా వస్తూ ఉండాలన్నది ఆలోచన. ఒకే బ్యాచ్‌ని రెండుగా పంచి, సగంలో ట్రయాసెటిన్ వేసి, సగం అలాగే ఉంచి, రెండూ 40 డిగ్రీల పెట్టెలో పెట్టాను. వారం కొలతలు: వేసింది 5.3, వేయనిది 5.6. నాలుగు వారాల తర్వాత వేసింది 5.8 దాటకుండా ఉండి, పుల్లటి వాసన రాకపోతే నీళ్లు 59.7 నుంచి 58.7కి తగ్గించి పాళ్లు తిరగరాస్తాను.